మిగులు, మురుగు, బలుపు

పోయిన సంక్రాంతికి ఏలూరు వెళ్ళేముందు అమ్మకి ఒక మిక్సీ, ఒక కుక్కర్, రెండు దుప్పట్లు ఆర్డర్ పెట్టాను. నాకంటే ముందు పార్సిళ్ళు వెళ్ళిపోయాయి. ఇంట్లో అడుగుపెట్టగానే అమ్మ, "ఏమే, డబ్బు చేసిందా నీకు?" అంది. మిక్సీ పెట్టె ఇంకా విప్పలేదు. పాతది బాగానే ఉందట.

మామూలుగా అయితే నవ్వేసి ఊరుకునేదాన్నే. ఆ రోజు మాత్రం ఆ మాట దగ్గర ఆగాను. "డబ్బు చేసింది" అంటే ఏమిటి? డబ్బు ఎవరు చేశారు? నాకు చేసింది ఏమిటి?

మన వాక్యాల్లో ఈ "చేసింది" వచ్చే చోట్లు చూడండి. జలుబు చేసింది. వేడి చేసింది. పైత్యం చేసింది. సుస్తీ చేసింది. జబ్బు చేసింది. ఆ వరసలోనే, ఒక్క అక్షరం తేడాతో, డబ్బు చేసింది. వైద్యుడి దగ్గర చెప్పుకోవలసిన వాక్యంలో ధనాన్ని కూర్చోబెట్టాం. జలుబులాగే అది మనం కోరితే వచ్చింది కాదు, బయటి నుంచి వచ్చి ఒంట్లో దూరింది, ముక్కు కారినట్టు నలుగురికీ కనిపిస్తుంది.

తెలుగులో "కలిగి ఉండు" అనే క్రియ ఉంది గానీ అది పాఠ్యపుస్తకాల్లో బతుకుతుంది. మాట్లాడేటప్పుడు "నాకు ఇల్లుంది" అంటాం. ఇల్లు ఉంది, అది నా వైపుకి ఉంది, అంతే. అందుకే మితిమీరి ఉండటం గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు వస్తువుని లెక్కపెట్టం, మనిషి ఒంట్లోకి వెళ్ళిపోతాం. ఎక్కువైంది. కొవ్వెక్కింది. ఒళ్ళు తెలియట్లేదు. తిన్నది అరగట్లేదు. బలిసింది. ఇవన్నీ రాశి గురించి మొదలై ప్రవర్తన దగ్గర ఆగే మాటలు. "వాడికి ఎక్కువైంది" అంటే ఏది ఎక్కువైందో ఎవరూ అడగరు. కర్త అక్కర్లేని వాక్యం అది. ఇప్పటి కుర్రాళ్ళు "ఓవర్ చేస్తున్నాడు", "టూమచ్ చేస్తున్నాడు" అంటారు. మాట ఇంగ్లీషుది, వాడకం మాత్రం మన అమ్మమ్మలదే.

వీటిలో అన్నిటికంటే ఘాటైనది బలుపు. ఈ వ్యాసం దాని గురించే. కాకపోతే మాది నీళ్ళ దేశం. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు మధ్య పెరిగినవాళ్ళకి "ఎక్కువ" అనగానే మొదట గుర్తొచ్చేది నీరు. అందుకని నీళ్ళ మీదుగా వెళ్ళి ఆ మాట దగ్గరికి వస్తాను.

*

బ్రౌన్ దొర తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో అచ్చయింది. సరిగ్గా ఆ ఏడాదే ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కాటన్ 1847లో మొదలుపెట్టిన పని. ఈ రెండింటికీ సంబంధం ఏమీ లేదు, తేదీలు అలా కలిశాయి. కానీ నాకు ఆ కలయిక పనికొచ్చింది. ఒక వైపు మన మాటలన్నీ ఒకచోట చేరి వాటికి అర్థాలు స్థిరపడుతున్నాయి. మరో వైపు ఆ మాటల్లో కొన్నిటి అర్థాలు మార్చేయబోయే నీళ్ళు కాలువల్లోకి దిగుతున్నాయి.

పాత తెలుగులో బలియు, బలుపు అనేవి తిట్లు కావు. బలిసిన ఎద్దు అంటే దుక్కికి పనికొచ్చే ఎద్దు. బలం, లావు, ఏపు, ఇవే అర్థాలు. పశువు బలిస్తే యజమానికి సంతోషం. పిల్లవాడు బలంగా ఉంటే దిష్టి తీసేవారు. తినడానికి లేని దేశంలో కొంచెం ఒళ్ళుండటం అదృష్టం కింద లెక్క. ఆ లేమి ఎంత దగ్గర్లో ఉండేదంటే, 1832-33లో గుంటూరు సీమని ఖాళీ చేసిన కరువుని జనం డొక్కల కరువు అని పిలిచారు. ఎండిన డొక్కలు పేరుగా మిగిలిపోయిన కరువు అది. వచ్చింది నందన సంవత్సరంలో కాబట్టి నందన కరువు అని కూడా అంటారు. గోదావరి జిల్లాల్లో ఆ రోజుల్లో ఒక ఏడు వాన ఉండదు, మరో ఏడు వరద ముంచేస్తుంది. రెండూ ఆకలే.

ఆనకట్ట వచ్చాక గోదావరి నీరు కాలువల్లోకి మళ్ళింది. 1855కి బెజవాడ దగ్గర కృష్ణ మీద కూడా ఆనకట్ట పూర్తయింది. గోదావరి వైపు నుంచి ఒక కాలువ నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా, కృష్ణ వైపు నుంచి ఇంకో కాలువ బెజవాడ మీదుగా వచ్చి ఏలూరులో కలుస్తాయి. రెండు నదుల నీళ్ళు ఒక ఊళ్ళో చెయ్యి కలుపుకోవడం మావాళ్ళకి ఇప్పటికీ గొప్పే. మెరక పొలం మాగాణి అయింది. ఒక పంట రెండు పంటలైంది, సార్వా తర్వాత దాళ్వా. తిండికి పోగా మిగిలే ధాన్యం అనేది మొదటిసారి ఏటేటా వచ్చే సంగతి అయింది. మిల్లులు వచ్చాయి, మార్కెట్లు వచ్చాయి. మెట్టకీ పల్లానికీ సరిహద్దులో ఉన్న గూడెం వ్యాపారం ఊరుగా పెరిగింది. ధాన్యం డబ్బు చదువుల్లోకి, సినిమాల్లోకి, మద్రాసుకి, తర్వాత హైదరాబాదుకి వెళ్ళింది.

తినడానికి లేనివాళ్ళ పక్కనే తిన్నది అరగనివాళ్ళు కుదురుగా, తరాల తరబడి ఉండటం మొదలయ్యాక, బలుపు అనే మాటకి మెచ్చుకోలు నిలవడం కష్టం. ఫలానా తేదీన అర్థం మారిందని చెప్పడానికి ఆధారం లేదు. కానీ మారడానికి కావలసిన సరంజామా ఇక్కడ బాగా సమకూరింది.

*

ఎక్కువైన నీటికి మా వైపు చాలా పేర్లున్నాయి. పై నుంచి వచ్చేది వరద. వచ్చి చేను మీద నిలబడితే ముంపు. కిందకి పోవలసిన నీరు సముద్రపు పోటుకి వెనక్కి తిరిగితే ఎగదన్నడం. వీటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన మాట, అందమైనది కాకపోయినా, మురుగు.

పట్నంలో మురుగు అంటే డ్రైనేజీ, కంపు, మూత లేని మ్యాన్‌హోల్. డెల్టాలో మురుగు కాలువ అంటే చేలో ఎక్కువైన నీటిని తీసుకుపోయే కాలువ. సాగునీటి కాలువ ఎంత ముఖ్యమో అదీ అంతే. నిజానికి కాటన్ కాలువల తర్వాత వందేళ్ళకి డెల్టాకి వచ్చిన పెద్ద కష్టం నీళ్ళు రాకపోవడం కాదు, వచ్చినవి పోకపోవడం. 1960ల వరదల తర్వాత డెల్టా మురుగునీటి పారుదల మీద మిత్రా కమిటీ వేశారు. 1968లో కృష్ణా గోదావరి డెల్టా ప్రాంతాలకి ఏకంగా డ్రైనేజీ సెస్సు చట్టమే తెచ్చారు. నీళ్ళు తెచ్చినందుకు నీటితీరువా కట్టే రైతు, నీళ్ళు తీసేసినందుకు కూడా పన్ను కట్టాల్సి వచ్చింది. ఇప్పటికీ ఎర్రకాలువ పొంగితే గూడెం, నిడదవోలు చుట్టుపక్కల చేలు మునుగుతాయి. ఆ నీరు యనమదుర్రు డ్రెయిన్‌లో పడి భీమవరం మీదుగా సముద్రాన్ని వెతుక్కుంటూ పోవాలి. డ్రెయిన్‌లో గుర్రపుడెక్క పెరిగితే ఆగిపోతుంది. పేపర్లో ఏటా అదే ఫోటో ఉంటుంది, మోకాలి లోతు నీళ్ళలో వరి కంకి పట్టుకున్న రైతు.

ఇంతకీ మురుగు అనే మాట రెండో ముఖం చూడండి. కూరగాయలు మురిగిపోయాయి అంటాం. గుడ్డు మురిగిపోయింది అంటాం. కదలకుండా ఉండి పాడయిందని. ఆఫీసుల్లో ఇదే మాట ఇంకో మెట్టు ఎక్కింది: వాడుకోని సెలవులు మురిగిపోతాయి, ఖర్చు పెట్టని నిధులు మురిగిపోతాయి. ప్రతి మార్చి నెలాఖరులో ఏదో ఒక పేపర్లో "నిధులు మురిగిపోతున్నాయి" అనే వార్త ఉంటుంది. ఆ వార్త రాసిన విలేఖరి డెల్టా వ్యవసాయం గురించి ఆలోచించి ఉండడు. మాటే ఆలోచించింది. ఎక్కువై, కదలకుండా, ఎవరికీ అందకుండా ఉన్నది ఏదైనా మురుగుతుంది. అది నీరైనా సరే, డబ్బైనా సరే.

కదిలి వెళ్ళేదానికి వేరే పేరుంది: మిగులు. ఇంట్లో అన్నం మిగిలితే పొద్దున్నే చద్దన్నం, అది ఎవరో ఒకరు తింటారు. ఊరి చెరువు నిండితే అలుగు పారుతుంది, ఆ మిగులు నీరు కింది చెరువుకి. మిగులుకి ఎప్పుడూ కింద ఎవరో ఒకరు ఉంటారు. దీనికీ ఒక హద్దుంది. బాగా పండిపోయి చేతికంటుకునే అరటిపండుని మిగల ముగ్గిందంటాం. అంటే మిగులుకి గడువు దాటితే అది కూడా కుళ్ళే.

*

మనుషుల దగ్గర ఎంత ఉంటే ఎక్కువ? దీనికి లెక్క కట్టి చూపిన చట్టం ఒకటి మన దగ్గర ఉంది. 1973 నాటి ఆంధ్రప్రదేశ్ భూసంస్కరణల చట్టం, వాడుకలో సీలింగ్ చట్టం. 1975 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. భూమి రకాన్ని బట్టి మాగాణి అయితే 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలు, అయిదుగురున్న కుటుంబానికి అది హద్దు. ఆపైన ఉన్నదానికి చట్టం పెట్టిన పేరు మిగులు భూమి. చూశారా, ఊరి భాషలో ఆ భూమి ఉన్న ఆసామిని ఏమన్నా అనొచ్చు గాక, ప్రభుత్వం మాత్రం నోరు జారకుండా మిగులు అంది. అలుగు మీదుగా కిందకి వెళ్ళాల్సిన నీరన్నట్టు.

వెళ్ళిందా? కొంత వెళ్ళింది. చట్టం వస్తుందని తెలిసిన నాటి నుంచే పంపకాలు జరిగాయి, బినామీ పేర్లు పుట్టాయి. కాగితం మీద చాలామంది హద్దు లోపలికి సర్దుకున్నారు. మిగులు అనే మాట మాత్రం మన రాజకీయాల్లో స్థిరపడింది. 1969లో తెలంగాణ ఉద్యమంలో పెద్ద గొడవ తెలంగాణ మిగులు నిధుల మీదే. తెలంగాణలో వసూలై అక్కడ ఖర్చు కావలసిన డబ్బు ఎంత, ఆంధ్ర వైపు ఎంత వెళ్ళిందని లెక్క తేల్చడానికి కుమార్ లలిత్ కమిటీ, ఆ తర్వాత జస్టిస్ భార్గవ కమిటీ కూర్చున్నాయి. ఇక కృష్ణా జలాల్లో బచావత్ ట్రిబ్యునల్ 1973లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి 800 టీఎంసీలు ఇచ్చి, ఆపైన వచ్చే మిగులు జలాలు వాడుకోవచ్చు, కానీ వాటి మీద హక్కు ఏర్పడదు అంది. వాడుకోవచ్చు, నీది కాదు. మిగులుకి ఇంతకంటే మంచి నిర్వచనం నిఘంటువుల్లో నాకు కనబడలేదు.

ఇప్పుడు మా తాత సంగతి.

*

అమ్మ వాళ్ళది దెందులూరు దాటాక కొల్లేరు వైపు ఒక ఊరు. తాతకి భూమి లేదు. కూలి చేసేవాడు, నీళ్ళు తగ్గిన కాలంలో కొల్లేట్లో చేపలు పట్టేవాడు. ఎడమకాలికి బోదకాలు. ఆ రోజుల్లో గోదావరి జిల్లాల్లో అది చాలా ఇళ్ళలో ఉండేది. నిలవనీటిలో పెరిగే దోమ తెచ్చే జబ్బు, అంటే మురుగు తెచ్చిన జబ్బే.

1979లో అమ్మ పదో తరగతి పాసైంది. ఆ ఊళ్ళో వాళ్ళ పేటలో అంతవరకు చదివిన మొదటి ఆడపిల్ల. తాత ఏలూరు వెళ్ళి ఒక పాత సైకిలు కొన్నాడు, అమ్మ కాలేజీకి వెళ్ళడానికి. కొత్తగా రంగు వేయించాడు కూడా. సైకిలు నడిపించుకుంటూ ఊళ్ళోకి వస్తుంటే, తాత పనికెళ్ళే ఆసామి అరుగు మీద నుంచి చూసి అన్నాడట, "ఏరా, బలిసిందా?"

తాత ఆగి, పంచె కొంచెం పైకి లాగి కాలు చూపించి, "లేదండి. వాపేనండి" అన్నాడట.

ఈ కథ మా ఇంట్లో వందసార్లు చెప్పుకుని ఉంటారు. చిన్నప్పుడు నవ్వు వచ్చేది. వాపుని చూసి బలుపు అనుకున్నాడనే సామెత ఉంది కదా, తాత ఆ సామెతని తన కాలి మీదే చూపించాడు. పెద్దయ్యాక మొదటిసారి వేరే ప్రశ్న తట్టింది. అరవై ఎకరాలున్న మనిషి, సెంటు భూమి లేని మనిషిని చూసి "బలిసిందా" అన్నాడు. సీలింగ్ చట్టం అప్పటికి నాలుగేళ్ళుగా అమల్లో ఉంది. మిగులు ఎవరి దగ్గరుందో ఊరందరికీ తెలుసు. మరి ఎక్కువైంది ఎవరికి?

అప్పటి నుంచి ఈ మాట ఎవరు ఎవర్ని అంటారో వింటూ వచ్చాను. వినండి, మీకూ తెలుస్తుంది. ఎక్కువ ఉన్నవాళ్ళని లేనివాళ్ళు "బలిసినోళ్ళు" అంటారు, కానీ చాటుగా, బహువచనంలో, మూడో మనిషి గురించి చెబుతున్నట్టు. ఎదురుగా, ఏకవచనంలో, "బలిసిందా" అని ప్రశ్నలా వచ్చేది పై నుంచి కిందకే. కూలి పెంచమన్నవాడికి బలిసింది. చెప్పులేసుకుని వీధిలో నడిచినవాడికి బలిసింది. మొగుడికి ఎదురు చెప్పిన ఆడదానికి బలిసింది. క్లాసులో ప్రశ్న వేసిన కుర్రాడికి బలిసింది. వాళ్ళ దగ్గర ఎక్కువైన వస్తువేదీ ఉండదు. వాళ్ళకి గీసిన గీత కంటే ఒక వేలు ఎక్కువ పెరిగారు. సైకిలంత పెరిగారు.

అంటే ఒకే మాటకి రెండు కొలతలున్నాయి. చాటున అన్నప్పుడు అది ఆస్తిని కొలుస్తుంది. ఎదురుగా అన్నప్పుడు హద్దుని కొలుస్తుంది. "మితిమీరింది" అని రెండిటినీ ఒకే గాటన కట్టేస్తాం గానీ, ఎవరి మితి? ఆ మితి పెట్టింది ఎవరు?

2013లో రవితేజ సినిమా వచ్చింది, పేరే "బలుపు". థియేటర్ల బయట కటౌట్ కింద అంతెత్తు అక్షరాలతో ఆ మాట. అమ్మ బస్సులోంచి చూసి "సినిమాకి ఆ పేరేంటే!" అంది. అప్పటికే ఆ మాట కుర్రాళ్ళ నోట్లో పొగడ్తగా మారింది. మావాడికి బలుపెక్కువ అంటే ఎవరికీ తల వంచడని. ఎద్దు బలంతో మొదలై, తిట్టుగా మారి, మళ్ళీ బలం దగ్గరికి వచ్చింది. తాత బతికుంటే ఆ పోస్టర్ చూసి ఏమనేవాడో.

*

కొల్లేరు గురించి చెప్పకుండా ఇది పూర్తి కాదు. ఎందుకంటే ఈ మూడు మాటలూ అక్కడే కలిశాయి.

కొల్లేరు కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లం. బుడమేరు, తమ్మిలేరు, ఇంకా ఎన్నో వాగులు, డెల్టా మురుగు కాలువలు, అన్నీ అందులోకే. బయటికి పోయే దారి ఒక్కటే, ఉప్పుటేరు, ఇంచుమించు 60 కిలోమీటర్లు వంకర్లు తిరిగి బంగాళాఖాతంలో పడుతుంది. అంటే రెండు డెల్టాలకి ఎక్కువైనదాన్ని పట్టి ఉంచి, మెల్లగా వదిలే పాత్ర. వానాకాలంలో పెరుగుతుంది, వేసవిలో తగ్గుతుంది. అందుకే కొల్లేరు ఎంత అని అడిగితే ఒక సంఖ్య చెప్పలేం, ఎన్నో కాంటూరు దగ్గర అని అడగాలి. అయిదో కాంటూరు దగ్గర 308 చదరపు కిలోమీటర్లు. పదో కాంటూరు దగ్గర 901. ఉబ్బడం, తగ్గడం దాని వృత్తి. వాపూ దానిదే, బలుపూ దానిదే.

వేసవిలో బయటపడే ఆ నేల మనుషులకి ఖాళీగా కనిపించింది. 1970లలో ప్రభుత్వం పేద మత్స్యకారులకి, దళితులకి సహకార సంఘాలు పెట్టించి చేపల చెరువులు తవ్వుకోమంది. ఉద్దేశం మంచిదే, లేనివాళ్ళకి ఇంత బతుకు. కానీ చెరువు తవ్వాలంటే, పిల్ల వేయాలంటే, మేత వేయాలంటే పెట్టుబడి కావాలి. పెట్టుబడి ఉన్నవాళ్ళు లీజుకి వచ్చారు. కాగితాల మీద సంఘం, గట్టు మీద ఇంకొకరు. 1980లు, 90లు గడిచేసరికి కొల్లేరు నీళ్ళు కనిపించనంతగా గట్లు పెరిగాయి. శీలావతి, బొచ్చె లారీలకెక్కి ఐసు పెట్టెల్లో కలకత్తా, అస్సాం వెళ్ళాయి. కైకలూరు, ఆకివీడు, భీమవరం డబ్బు చేశాయి. ఇక్కడ ఆ క్రియ నిజంగానే సరిపోతుంది. మురుగునీరు పోయే దారులకి గట్లు అడ్డం పడ్డాయి, పై చేలు మునిగాయి. ఉప్పుటేరులో మంచినీటి తోపు తగ్గిన వేసవుల్లో సముద్రపు ఉప్పు పైకి ఎగదన్నింది.

1999లో అయిదో కాంటూరు వరకు అభయారణ్యమని జీవో 120 వచ్చింది. 2002లో రామ్‌సార్ జాబితాలో చేరింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చెరువు గట్లు పేల్చారు. మా మామయ్యకి ఒక సంఘంలో సభ్యత్వం ఉండేది. చెరువు నడిపింది ఎవరో, మామయ్యకి ఏడాదికోసారి లీజు వాటా వచ్చేది, దాంతోనే ఇంటి పైకప్పు వేశాడు. పేలుళ్ళ చప్పుడు ఊళ్ళోకి వినబడిందట. ఆ వారంలో టీవీలో ఎవరో, కొల్లేరుని మింగి బలిసిపోయారు అని అన్నారు. మామయ్య టీవీ కట్టేసి, "ఎవడ్రా బలిసింది?" అన్నాడు. ఈసారి చూపించడానికి బోదకాలు కూడా లేదు.

గట్లు పోవడం అవసరమని నేను నమ్ముతాను. పాత్ర మూతిని మూసేసి ముంపు వచ్చిందని ఏడవలేం. 2008లో అసెంబ్లీ అభయారణ్యాన్ని మూడో కాంటూరుకి తగ్గించమని తీర్మానం చేసింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ తగ్గించొద్దంది. గట్లు మాత్రం ఒక్కొక్కటిగా మళ్ళీ లేచాయి. కానీ మామయ్య ప్రశ్న కూడా తీసేయదగింది కాదు. కొల్లేరులో మిగిలిన డబ్బు ఎక్కడికి వెళ్ళిందో లెక్క తీసే కాంటూరు ఏదీ లేదు. గట్టు పేలినప్పుడు అది అక్కడ లేదు, అప్పటికే హైదరాబాదులో స్థలాలయింది. పేలిన గట్టు దగ్గర నిలబడి ఉన్నవాళ్ళ మీద ఆ మాట పడింది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి మునిగింది. టీవీలో బుడమేరు అనే పేరు మొదటిసారి వింటున్నట్టు మాట్లాడారు. అది కొల్లేరుకి రావలసిన నీరే. పైన దాని దారినీ ఆక్రమించాం, కింద దాని పాత్రనీ నింపేశాం. ఆ మధ్య రోజుల్లో ఒకాయన టీవీలో, వృథాగా సముద్రంలో కలిసే నీళ్ళు అన్నారు. మావైపు ప్రతి ఎన్నికల సభలోనూ వినే మాట. సముద్రంలో కలిసేది వృథా కాదు, ఉప్పుని వెనక్కి నెట్టే పని చేస్తుంది. ఎవరి ఖాతాలోనూ పడని మిగులుని వృథా అనుకోవడం మనకి అలవాటైపోయింది.

*

మొన్నటి సంక్రాంతి కనుమ నాడు అమ్మని ఆటపాక తీసుకెళ్ళాను, గూడబాతుల్ని చూడటానికి. చెట్ల నిండా పక్షులు, కింద నీళ్ళు. పడవ ఎక్కడానికి భయపడి గట్టు మీదే నిలబడింది. దూరంగా చెరువుల గట్లు వరసగా కనిపిస్తున్నాయి.

"నీ చిన్నప్పుడు ఇలాగే ఉండేదా?" అన్నాను.

అమ్మ చాలాసేపు చూసింది. "నిండుకుందే" అంది.

మా ఇళ్ళలో బియ్యం అయిపోయాయి అనరు. అశుభం. డబ్బా అడుగు కనిపించినప్పుడు అమ్మమ్మ "బియ్యం నిండుకున్నాయి" అనేది, అది విని తాత సంచీ పట్టుకుని కొట్టుకి వెళ్ళేవాడు. నిండుగా ఉందని అందో, అయిపోయిందని అందో నేను అడగలేదు. ఇంటికొచ్చాక అమ్మ కొత్త మిక్సీ పెట్టె విప్పి, పాతది పక్కింటి పనమ్మాయికి ఇచ్చేసింది.